మా దేశం గురించి అరగంట

2013లో ఎం.ఏ. తెలుగు చదవడానికి నేను తిరుపతి వచ్చాను. మాది మారిషస్. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగేవారు. పేరు ఎప్పుడో విన్నదే, ఎక్కడుందో మాత్రం గుర్తుకు రాదు. "మాల్దీవుల పక్కనా?" అని ఒకరు అడిగేవారు. "సినిమా పాటలు తీస్తారే, ఆ సముద్రమేనా?" అని ఇంకొకరు. కపిలతీర్థం దగ్గర పూలమ్మే ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "విదేశం అంటావు, చూస్తే శ్రీకాకుళం పిల్లలా ఉన్నావే" అంది. తెలియకుండానే ఆమె అందరికంటే దగ్గరగా వచ్చింది.

ఇప్పుడు తిరుపతి నా అత్తగారి ఊరు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా తెలుగే. అప్పటి సంగతి వేరు. మా దేశంలో తెలుగు బడిలో నేర్చుకునే పాఠం. ఇంట్లో మాట్లాడుకునేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్, పత్రికలు చదివేది ఫ్రెంచిలో, పరీక్షలు రాసేది ఇంగ్లీషులో. నాకు సంధులూ సమాసాలూ వచ్చు. మూకుడు, జల్లెడ, అట్లకాడ అనే మాటలు ఇక్కడికి వచ్చాకే విన్నాను. పద్యం అప్పజెప్పగలిగేదాన్ని గానీ కూరగాయల బండి దగ్గర బేరం ఆడలేకపోయేదాన్ని.

రెండో సెమిస్టరులో ఒకరోజు మా మేడం పిలిచారు. "మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మీ దేశంలో జరిగాయి. నాలుగోవి మొన్న 2012లో మన తిరుపతిలోనే జరిగాయి. అక్కడికీ ఇక్కడికీ మధ్య ఏముందో ఈ పిల్లలకు తెలియదు. ఒక అరగంట తీసుకుని మీ దేశాన్ని పరిచయం చెయ్యి" అన్నారు. తేదీ నన్నే చెప్పమన్నారు. ఆలోచించకుండా మార్చి 12 అన్నాను. 1968లో మాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజు అది. 1992లో గణతంత్రమైంది కూడా ఆ తేదీనే. ఇంటి దగ్గర ఉంటే ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ పట్టీల జెండా పట్టుకుని వీధిలో ఉండేదాన్ని. ఇక్కడ ఆ రోజు నాకొక్కదానికే పండగ.

వారం రోజులు కూర్చుని పది పేజీలు రాశాను. మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న దీవి. దేశం మొత్తం విస్తీర్ణం 2,040 చదరపు కిలోమీటర్లు, అంటే అప్పటి చిత్తూరు జిల్లాలో ఏడో వంతు. 1598లో డచ్చివారు దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1715లో ఫ్రెంచివారు, 1810లో ఇంగ్లీషువారు. ఎక్కడా తప్పు లేదు. రాత్రి హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయికి చదివి వినిపించాను. ఆమెది చిత్తూరు దగ్గర పల్లె. మంచం మీద పడుకుని ఓపికగా అంతా విని, "అక్కా, పోటీ పరీక్షల పుస్తకం చదివినట్టుంది. ఇందులో నువ్వు ఎక్కడున్నావు? పొద్దున్నే బడికి వెళుతూ దారిలో ఏం కొనుక్కుని తినేదానివి? అది చెప్పు" అంది.

ధోల్ పూరీ అని చెప్పాను, లోపల పప్పు పెట్టి ఒత్తే పలుచని రొట్టె. చెబుతుంటే నోరూరింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. ఆ పది పేజీలు అలాగే మడిచి పెట్టెలో పెట్టేశాను.

ధోల్ పూరీ చేసి తీసుకువెళ్ళాలంటే హాస్టల్లో పొయ్యి వెలిగించనివ్వరు. ఆ అమ్మాయి పిన్నమ్మగారి ఇల్లు కొర్లగుంటలో ఉంది. మార్చి 11 సాయంత్రం ఇద్దరం అక్కడికి వెళ్ళాం. మా దగ్గర దీనికి పసుపు బఠాణీల పప్పు వాడతారు. ఇక్కడ పచ్చిశనగపప్పుతోనే కానిచ్చాం. పప్పు పసుపు వేసి ఉడకబెట్టాలి. వేళ్ళ మధ్య నలిపితే పొడి కావాలి, ముద్ద కాకూడదు. వార్చిన నీళ్ళు పారబొయ్యకూడదు, పిండి కలపడానికి అవే. ఉడికిన పప్పును ఆరబెట్టి, వేయించిన జీలకర్రతో పొడిగా రుబ్బి, మైదా ఉండలో పెట్టి మూసి, అవతలి పక్క కనిపించేంత పలుచగా ఒత్తాలి. పిన్నమ్మ నా చేతులనే చూస్తోంది. రెండోది ఒత్తేటప్పటికి ఆగలేక అప్పడాల కర్ర నా చేతిలోంచి తీసుకుంది. "ఇదేమిటి పాపా, ఇది ఓళిగే కదా! బెల్లం వెయ్యడం మరిచిపోయారు, అంతే" అంది.

నేనైతే ఆ మాటకు కదలకుండా నిలబడిపోయాను. అంతకుముందు నాకు ఓళిగ, అంటే బొబ్బట్టు, తెలియదు. మా దీవిలో వీధి మూలన సైకిలుకు గాజు పెట్టె కట్టుకుని, రెండేసి చొప్పున కాగితంలో చుట్టి అమ్మే ధోల్ పూరీని హిందువూ, ముస్లిమూ, చీనా మనిషీ, ఆఫ్రికా బానిసల సంతతి అయిన క్రియోల్ మనిషీ నిలబడి తింటారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని నేను ఎప్పుడూ అడగలేదు. బీహారు నుంచి వచ్చినవాళ్ళు తెచ్చారని తర్వాత చదివాను. పిన్నమ్మకు ఆ సంగతి అక్కర్లేదు. ఆమె చేతికి అది తెలిసిన పనే.

లోపల పెట్టుకోవడానికి మేము పెద్ద చిక్కుడు గింజల కూర వండుతాం. ఆ గింజలు తిరుపతిలో ఎక్కడ వెతకను? "అనపగింజలు ఉన్నాయిగా" అని పిన్నమ్మ ఎండు గింజలు అంతకుముందు రాత్రే నానబెట్టి ఉంచింది. ముగ్గురం కింద కూర్చుని ఒక్కొక్కటే పితికి పొట్టు తీశాం. పితికిపప్పు కూర. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకు దాని గురించి చెప్పనక్కర్లేదు. అమ్మ చేసే రుచి కాదది, కానీ అమ్మకు పెట్టాలనిపించే రుచి.

వండుతుండగా మాటలు కూడా దొర్లాయి. క్రియోల్‌లో కొత్తిమీరను కొతోమిలి అంటాం. కరివేపాకు కారిపులే, మునగాకు బ్రెద్ మురుమ్. చిత్తూరు పక్కన పెరిగిన పిన్నమ్మకు అరవం బాగా వచ్చు. "కొత్తమల్లి, కరువేప్పిలై, మురుంగై... ఇవన్నీ అరవ మాటలే" అని ఒక్కొక్కదానికీ చెయ్యి చాపి లెక్కపెట్టింది. ఫ్రెంచి తోటల్లో పనిచేసిన ఆఫ్రికన్ల నోట పుట్టిన మా భాషలో కొర్లగుంట వంటింట్లో అర్థమయ్యే మాటలు ఉన్నాయని ఆ రాత్రి తెలిసింది.

ఇంకొక పని మిగిలింది. సెగా వినిపించాలి. సెగా అంటే మా దేశపు పాట, ఆట, వాయిద్యం, మూడూ కలిసినది. బానిసలుగా పట్టి తెచ్చిన మడగాస్కర్, మొజాంబిక్ మనుషులు రాత్రిపూట మంట చుట్టూ చేరి పాడుకున్నది. ఫోనులో వినిపించవచ్చు, కానీ ఫోనులోంచి వచ్చేది సెగా కాదు. దానికి రవాన్ కావాలి. వెడల్పాటి చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వాయిద్యం. వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువు తెస్తారు. ఇది తరగతిలో ఒకరితో చెబుతుంటే వెనక బల్లలో కూర్చునే అబ్బాయి తలెత్తి, "మా పలక కూడా అంతేనండి, కాచకపోతే పలకదు" అన్నాడు. అతనిది చంద్రగిరి దగ్గర ఊరు. వాళ్ళ నాన్న, చిన్నాన్నలు జాతరల్లో పలకలు వాయిస్తారు. మిగతా చోట్ల డప్పు అనేదాన్నే ఇక్కడ పలక అంటారు.

తెస్తారా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఇది తరగతి గదిలో వాయించేది కాదండి" అన్నాడు చివరికి. అందులో ఎంత బరువుందో నాకు అర్థమైంది, ఎందుకంటే సెగా మీద మా పెద్ద ఇళ్ళలో సరిగ్గా అదే మాట వినేదాన్ని. చర్చివారు దాన్ని పాపమన్నారు, దొరలు అల్లరన్నారు, చెరకు తోటల్లో పనిచేసే మా భారతీయులు కూడా అది మనది కాదని పక్కకు జరిగారు. ఇది అతనికి చెప్పాను. తెస్తానని గానీ తేనని గానీ అనకుండా వెళ్ళిపోయాడు.

మార్చి 12, బుధవారం పొద్దున పలక భుజాన వేసుకునే వచ్చాడు.

ముందు తిండి పంచాం. అది పిన్నమ్మ చెప్పిన ఉపాయం. "కడుపులో పడితే చెవి తెరుచుకుంటుంది" అంది. యాభై ధోల్ పూరీలు, మనిషికి ఒకటి చొప్పున. రెండేసి ఇవ్వలేకపోయినందుకు మా ఊళ్ళో అయితే నన్ను తిట్టేవారు. తింటూ ఉండగా నా దగ్గరున్న మారిషస్ నోట్లు చేతులు మార్చాను. 25 రూపాయల నోటు మీద చీనా వంశంలో పుట్టిన మొయిలిన్ జాన్ ఆ-షువెన్ ముఖం ఉంటుంది. 100 రూపాయల మీద తమిళుడు రెంగనాదెన్ సీనివాసెన్. 200 మీద అబ్దుల్ రజాక్ మొహమ్మద్. వెయ్యి రూపాయల మీద క్రియోల్ నాయకుడు గేతాన్ దువాల్. ఈ దేశం ఎలాంటిదో ఆ ముఖాలే చెప్పేశాయి. నేను చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది: డచ్చివారు వచ్చేనాటికి ఆ దీవిలో మనుషులు లేరు. డోడో పక్షులు ఉండేవి, వంద ఏళ్ళు గడవకముందే అవీ పోయాయి. కాబట్టి మాలో ఎవరూ "మేము ముందు నుంచీ ఇక్కడివాళ్ళం" అనలేరు. అందరూ ఓడ దిగినవాళ్ళే. కొందరిని గొలుసులతో దింపారు, కొందరిచేత కాగితం మీద వేలిముద్ర వేయించి దింపారు.

నోట్ల మీద ఏయే లిపులున్నాయో చూస్తున్న అమ్మాయి ఒకతె, "తమిళం ఉంది, హిందీ ఉంది, తెలుగు లేదే" అంది. లేదు. "ఉగాదికి మాత్రం దేశమంతటికీ సెలవు" అన్నాను. చప్పట్లు కొట్టారు.

తర్వాత మా పూర్వీకుడి కాగితం తీశాను. మా దేశంలో మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మాగాంధీ సంస్థలో వలస కూలీల దస్త్రాలు భద్రంగా ఉన్నాయి. అక్కడ అడిగి నకలు తెచ్చుకున్నది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మందితో మా రాజధాని పోర్ట్ లూయీ చేరింది. అప్పటి నుంచి 20వ శతాబ్దం మొదటి దాకా దాదాపు అయిదు లక్షల మంది భారతదేశం నుంచి ఒప్పందం కూలీలుగా ఆ రేవులో దిగారు. తెలుగువాళ్ళు ఎక్కువగా కోరంగి, విశాఖపట్నం రేవుల నుంచి వెళ్ళారు. దిగినవాళ్ళు ఎక్కిన మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, పదహారు. ఆ చోటిని ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అలిపిరి నుంచి తిరుమలకు మూడున్నర వేల మెట్లు ఎక్కినప్పుడు కూడా నాకు కాళ్ళు వణకలేదు. ఆ పదహారు మెట్ల దగ్గర బడి పిల్లలతో వెళ్ళినప్పుడు వణికాయి.

నకలు మీద ఒక అంకె, ఒక పేరు, తండ్రి పేరు, వయసు 22, ఎత్తు, ఎడమ భుజం మీద మచ్చ. ఊరి పేరు దగ్గర ఇంగ్లీషు గుమస్తా తనకు వినబడింది రాసుకున్నాడు: కొటావుల్సా. మా ఇంట్లో ఐదు తరాలుగా దాన్ని అలాగే పలుకుతున్నాం. మేడం నల్లబల్ల మీద ఆ అక్షరాలు రాసి, "ఇదేం ఊరో చెప్పండి" అన్నారు. ఒక్క నిమిషం గుసగుసలు. తర్వాత నలుగురైదుగురు ఒక్కసారే "కొత్తవలస!" అన్నారు. విజయనగరం నుంచి వచ్చిన అబ్బాయి లేచి, "కొత్తవలసలు మా వైపు ఒకటి కాదు మేడం, చాలా ఉన్నాయి" అన్నాడు. వలస వెళ్ళినవాడి ఊరి పేరులోనే వలస ఉంది. నకలు కాగితం వెనక మేడం పెన్సిలుతో తెలుగులో ఆ పేరు రాసిచ్చారు.

ఆ తర్వాత ఎవరూ ఆ విషయం వదల్లేదు. మీ ఇంటిపేరు ఏమిటి? (తాతల పేర్లే ఇంటిపేర్లయ్యాయి, అప్పన్న, రామన్న, వెంకటస్వామి వంటివి.) కులం అడుగుతారా? పెళ్ళిళ్ళు ఎలా? సింహాద్రి అప్పన్న పూజ మీకూ ఉందా? అమ్మోరి పండగ చేస్తారా? అన్నీ ఉన్నాయి, చెప్పాను. చెబుతూ ఉంటే గడియారం కనిపించింది. పది నిమిషాలే మిగిలాయి. నా దేశం అంతా కలిసి విశాఖ పక్క ఒక ఊరిలోకి దూరిపోయింది. వాళ్ళకు ఆ కథ తీపిగా ఉంది, ఎందుకంటే అందులో వాళ్ళున్నారు. అయితే నేను పరిచయం చెయ్యాల్సింది ఇక్కడి నుంచి తెగిపడిన ఒక కొమ్మను కాదు. అది నా దేశం. అక్కడ నా పక్కింటివాళ్ళు మడగాస్కర్ నుంచి వచ్చిన అవ్వకు మనుమలు.

అంతలో మొదటి వరసలోని అమ్మాయి అడిగింది. "ఇంట్లో తెలుగు మాట్లాడరని చెప్పారు కదా. మరి మీరు తెలుగువాళ్ళు ఎలా అవుతారు?" ఆమె నొప్పించాలని అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. గది నిశ్శబ్దమైంది.

మా నాయనమ్మ గురించి చెప్పాను. ఆమెకు వచ్చిన తెలుగు అంతా రామభజనం పాటలే. దీపం నడిమధ్యలో పెట్టి చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ పాడేవాళ్ళు. అర్థం అడిగితే సగం పాటకు చెప్పలేకపోయేది. ఒక్క మాట కూడా తప్పేది కాదు. పాట అయ్యాక నా వైపు తిరిగి క్రియోల్‌లో "ఆకలేస్తోందా?" అని అడిగేది. "మా నాయనమ్మ రెండు భాషల్లోనూ నాకు నాయనమ్మే. నేను తెలుగుదాన్ని అవునో కాదో మీరే చెప్పండి, క్రియోల్ మాత్రం నా అమ్మ భాష" అన్నాను. గొంతు వణికింది. ఆ అమ్మాయి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ల మోర్న్ గురించి చెప్పాను. దీవికి నైరుతి మూలన సముద్రంలోకి చొచ్చుకుపోయిన నిటారు కొండ. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని మీద దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు కొండెక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకి చనిపోయారని మా పెద్దలు చెబుతారు. 2008లో ఆ కొండ కూడా ప్రపంచ వారసత్వమైంది. మా క్యాలెండరులో ఫిబ్రవరి 1 సెలవే, తొలి కూలీలు దిగిన నవంబరు 2 సెలవే. సెగా ఆ మొదటి తేదీవాళ్ళ పాట. కానీ నవంబరు 2వాళ్ళ మనుమరాలినైన నాకు అది లేకుండా పెళ్ళి పెళ్ళిలా ఉండదు.

చంద్రగిరి అబ్బాయి బయటికి వెళ్ళాడు. వరండా అవతల చెట్టు కింద పాత కాగితాలు, ఎండుటాకులు పోగేసి అంటించి, పలకను మంటకు ఓరగా పట్టి తిప్పుతూ కాచాడు. తోలు మీద వేలితో తట్టి చూసుకుంటున్నాడు. ముందు మెత్తగా డబ్ మన్నది, కాసేపటికి టంగుమంది. కిటికీల దగ్గర అందరం గుమిగూడి చూశాం. వెనక శేషాచలం కొండలు ఎర్రగా ఉన్నాయి. లోపలికి వచ్చి, "ఎలా వెయ్యాలి?" అన్నాడు. బల్ల మీద అరచేత్తో వేసి చూపించాను, ఆరు మాత్రలు, మొదటిదాని మీద బరువు, నాలుగోది తేలిక. రెండుసార్లు విన్నాడు. మూడోసారి నాతో కలిశాడు. కర్రలు పక్కన పెట్టి వేళ్ళతోనే వాయించాడు, రవాన్ వేళ్ళతోనే వాయిస్తారని నేను చెప్పకముందే.

మా వీధిలో అందరికీ వచ్చిన ఒక పాత సెగా పాడాను. నా గొంతు గొప్పది కాదు. సెగా ఆడేవాళ్ళు పాదాలు నేల మీద నుంచి ఎత్తరు, ఈడుస్తూ కదుపుతారు. కాళ్ళకు గొలుసులున్నవాళ్ళ అడుగు అది అని మా దగ్గర అంటారు. అలా నాలుగు అడుగులు వేసి చూపించాను. నా గదిలో ఉండే అమ్మాయి వచ్చి నా పక్కన చేరింది. తర్వాత ఇంకో ఇద్దరు. తర్వాతి పాఠం చెప్పాల్సిన మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, లోపలికి రాలేదు, ఆపమనీ అనలేదు.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేశాను. మా గడియారం ఇక్కడికంటే గంటన్నర వెనక. ఇక్కడ తొమ్మిదిన్నర, అక్కడ ఇంకా ఎనిమిది, బయట జెండా పండగ చప్పుడు వినబడుతోంది. అమ్మకు అంతా చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే: పూరీలు చిరగకుండా వచ్చాయా?

ఆ ఏడాది, 2014, చివర సెగాను యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వార్త పట్టుకుని మొదట వెళ్ళింది చంద్రగిరి అబ్బాయి దగ్గరికే. అయితే అంతకంటే ముందు, మే నెలలో, గంగమ్మ జాతర వచ్చింది. తోటి వేషం రోజున తాతయ్యగుంట వీధిలో జనంలో నిలబడి ఉన్నాను. ఒంటినిండా బొగ్గుపొడి పూసుకుని, వేపాకు కట్టుకుని పిల్లలూ పెద్దలూ గుడివైపు వెళుతున్నారు. వాళ్ళ ముందు పలకలు. ఆ మోతలో ఎదుటి మనిషి మాట వినబడదు. వాయించేవాళ్ళలో అతను కూడా ఉన్నాడు. వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాడు. నన్ను చూశాడు. రెండు క్షణాలు, అంతే, కర్రలు చంకలో ఇరికించుకుని వేళ్ళతో మా ఆరు మాత్రలు వేశాడు. వాళ్ళ నాన్న వింతగా తల తిప్పి చూశాడు. అప్పటికే అతను మళ్ళీ జాతర దరువులోకి వెళ్ళిపోయాడు.